నెలకు 350 మిగులుతుందని నెట్ మార్చేయాలా?

ప్రశ్న: మాది విజయనగరం, కంటోన్మెంట్. నేను ప్రభుత్వ పాఠశాలలో టీచర్ని. ఇంట్లో 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ ఉంది. ప్లాను 799, పన్నుతో 943 అవుతోంది. మా అబ్బాయి హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తాడు, జీతం 40 వేలు. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, సాయంత్రాలు ఆన్‌లైన్ క్లాసులు ఉంటాయి. మా వీధి కేబుల్ ఆపరేటర్ ఇదే స్పీడు 499కే ఇస్తానంటున్నాడు. రౌటర్‌కీ, వైరు లాగడానికీ కలిపి 1,500 ఇవ్వాలట, అది తిరిగి రాదు. ఆరు నెలల డబ్బు ఒకేసారి కట్టాలట. మావారు మార్చేద్దామంటున్నారు, అబ్బాయి ససేమిరా అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆపరేటర్ని ఒక్క మాట అడగండి: ఆ 499 జీఎస్టీ కలిపా, కలపకుండానా? కరపత్రాల మీద వేసే ధర చాలాసార్లు పన్ను లేనిదే. 18 శాతం వేస్తే 589 అవుతుంది. కలపలేదనే అనుకుని లెక్క వేస్తున్నాను.

మీరు కట్టే 943కీ దీనికీ తేడా 354. ఏడాదికి 4,248. మీవారు చూస్తున్నది ఈ అంకెనే. ఇందులోంచి ఆ 1,500 తీసేస్తే 2,748. కొత్త లైను ఎలా పనిచేస్తుందో తేలేదాకా పాతది ఒక నెల ఉంచుకోవాలి. అబ్బాయి ఉద్యోగం దాని మీద ఉన్నప్పుడు ఇందులో బేరం లేదు. దానికో 943 పోతే మొదటి ఏడాది మీ చేతిలో మిగిలేది 1,805. ఇప్పుడు అబ్బాయి జీతాన్ని 22 పనిదినాలతో భాగించండి, రోజుకు దాదాపు 1,818 వస్తుంది. నెట్ లేక ఒక్కరోజు జీతం కోత పడితే ఏడాది ఆదా అక్కడితో సరి. వాడు ససేమిరా అనడానికి కారణం ఈ లెక్క కాకపోవచ్చు గానీ, లెక్క మాత్రం వాడి వైపే ఉంది.

రెండో ఏడాది నుంచి 4,248 పూర్తిగా మిగులుతుంది కాబట్టి మీవారి మాటా తీసిపారేసేది కాదు. కానీ అదే డబ్బు గోడకు కొత్తగా కన్నం పెట్టకుండానే మిగిలే దారి ఉంది. మీరు ఇప్పుడున్న కంపెనీలోనే కింది ప్లానుకు దిగడం. పెద్ద కంపెనీలకు 399, 499 ధరల్లో 30, 40 ఎంబీపీఎస్ ప్లాన్లు ఉంటాయి. అవి ప్రకటనల్లో పెద్దగా కనిపించవు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే కూడా ముందు పై ప్లానే అంటగట్టాలని చూస్తారు. యాప్‌లో ప్లాను మార్చే చోట కిందికంటా వెతకండి. 499 ప్లాను దొరికితే నెలకు అదే 354 మిగులుతుంది, మొదటి నెల నుంచే. రౌటర్ ఖర్చు లేదు, రెండు బిల్లుల నెల లేదు.

40 సరిపోతుందా అంటే, మీ ఇంటికి ధారాళంగా సరిపోతుంది. వీడియో మీటింగ్‌కు 3, 4 ఎంబీపీఎస్ చాలు. పాప క్లాసుకు మరో 4 వేసుకోండి. టీవీలో హెచ్‌డీ సినిమాకు 5. అందరి ఫోన్లూ కలిపినా 20 దాటడం కష్టం. అబ్బాయి పెద్ద పెద్ద ఫైళ్లు పంపించే పనిలో ఉంటే అప్‌లోడ్ స్పీడు ఎంతో మాత్రం అడగండి. ఇంకో సంగతి. కంటోన్మెంట్ వైపు పాత ఇళ్లకు గోడలు మందం. వెనక గదిలో నెట్ రావడం లేదని 100కు, 100 చాలడం లేదని 200కు ఎక్కినవాళ్లను చూశాను. అది ప్లాను తప్పు కాదు, వైఫై గోడ దాటలేకపోవడం. రౌటర్ని ఇంటి మధ్యకు జరపండి, లేదా అబ్బాయి బల్ల దాకా ఒక లాన్ వైరు లాగించండి.

ప్లాను తగ్గించే ముందు 799తో ఉచితంగా వస్తున్న ఓటీటీలు ఏవో చూసుకోండి. ఇంట్లో ఎవరూ చూడనివైతే బెంగ లేదు. రోజూ చూసే సీరియల్ అందులోనే ఉంటే, దాన్ని విడిగా కొనడానికి ఎంతవుతుందో 354లోంచి తీసేయండి.

కింది ప్లాను లేదన్నారనుకోండి, లేదా ఇప్పటి కంపెనీ సర్వీసే బాగోలేదనుకోండి, అప్పుడు ఆపరేటర్ సంగతి చూద్దాం. మన జిల్లాల్లో నెట్ కొనేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న స్పీడు గురించి కాదు, గాలివాన తర్వాత లైను బాగుచేయడానికి ఎవరొస్తారు, ఎన్నాళ్లకొస్తారు అని. 2014 హుద్‌హుద్ తుపాను గురించి మీకు చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా శ్రీకాకుళం జిల్లాలో కరెంటు స్తంభాలు వరసగా ఒరిగిపోయాయి. స్తంభాల మీదుగా వెళ్లే ఫైబర్ కూడా వాటితోపాటే నేలకు వస్తుంది. 2017లో రాష్ట్ర ప్రభుత్వ నెట్ సర్వీసు ఏపీ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకే మొదలైనప్పుడు ఊరూరా అంత త్వరగా చేరడానికి కారణమూ ఆ కరెంటు స్తంభాలే. కాబట్టి స్తంభం మీది వైరు చవక అనడంలో అబద్ధం లేదు, గాలికి లొంగుతుంది అనడంలోనూ లేదు.

లైను పోతే ఎన్నాళ్లకొస్తారని ఆపరేటర్ని అడిగితే ‘గంటలో వచ్చేస్తామండీ’ అంటాడు. మీ వీధి చివర జిరాక్స్ షాపువాళ్లనో, మీసేవ వాళ్లనో అడగండి. నెట్ లేకపోతే వాళ్ల గల్లా పెట్టె మోగదు కాబట్టి ఏ లైను ఎన్ని రోజులు పోయిందో తేదీలతో సహా చెబుతారు. నిజానికి ఈ విషయంలో స్థానిక ఆపరేటరే మెరుగు కావచ్చు. వీధిలో ఉండే మనిషి నిచ్చెన వేసుకుని వచ్చేస్తాడు, పెద్ద కంపెనీ ఫిర్యాదు నంబరు ఇచ్చి ఊరుకోవచ్చు. జిరాక్స్ షాపులో అలా చెబితే నేను ఆపరేటర్ వైపే మొగ్గుతాను.

అప్పుడైనా ఆరు నెలల డబ్బు ముందు కట్టకండి. 589 చొప్పున ఆరు నెలలంటే 3,500 పైచిలుకు. అది వడ్డీ లేని చేబదులు. నేనూ ఇచ్చానొకసారి. రెండు నెలలు ఉచితమంటే ఏడాది డబ్బు కట్టేశాను. అయిదో నెలలో మా ఆపరేటర్ తన లైన్లన్నీ ఇంకొకరికి అమ్మేశాడు. ‘మీరు కట్టింది మాకు కట్టలేదు కదండీ’ అన్నాడు కొత్తాయన. నా దగ్గర ఉన్నది పాతాయన సొంత నంబరుకు పంపిన ఫోన్‌పే రికార్డు మాత్రమే, బిల్లు లేదు. డబ్బు సలహాలు చెప్పే మనిషిని, ఇంట్లో ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంటారు. నెలనెలా కడతానని చెప్పండి, కాస్త ఎక్కువ అడిగినా ఒప్పుకోండి. కంపెనీ పేరుతో, జీఎస్టీ నంబరు ఉన్న బిల్లే తీసుకోండి. నెలకు ఎన్ని జీబీలు దాటితే స్పీడు తగ్గిస్తారో కూడా అందులో రాయించండి.

పాత కనెక్షన్ తీసేసేటప్పుడు ఫోన్‌లో చెప్పి వదిలేయకండి. యాప్‌లోనో, మెయిల్‌లోనో రాతపూర్వకంగా అడగండి. రౌటర్ తిరిగిచ్చినట్టు రసీదు తీసుకోండి, యూపీఐలో ఆటోపే ఉంటే రద్దు చేయండి. డిపాజిట్ కట్టి ఉంటే అడిగి తీసుకోండి. బ్రాడ్‌బ్యాండ్‌కు మొబైల్‌లా పోర్టింగ్ లేదు. ఆ కనెక్షన్‌తో వచ్చిన ల్యాండ్‌లైన్ నంబరు బ్యాంకులోనో, ఎల్ఐసీలోనో ఇచ్చి ఉంటే ముందే మార్పించండి. పేచీ వస్తే కంపెనీ ఇచ్చిన ఫిర్యాదు నంబరు దాచుకోండి. పరిష్కారం నచ్చకపోతే 30 రోజుల్లోగా అదే కంపెనీలోని అప్పీలు అధికారికి రాయవచ్చు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ విడి ఫిర్యాదులు తీసుకోదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

ఇక ఎప్పుడు అంటే, ప్లాను తగ్గించడం ఈ బిల్లు తేదీకే చేయవచ్చు. కంపెనీ మార్చడం మాత్రం పాప ఈఏపీసెట్ అయ్యాక (మనం ఇంకా ఎంసెట్ అనే అంటాం). అప్పటికి మే నెల దాటుతుంది, అక్టోబరు తుపాన్ల నాటికి కొత్త లైను తీరూ తెలిసిపోతుంది. ఈలోగా అబ్బాయి ఫోన్‌లో హాట్‌స్పాట్‌కు సరిపడా డేటా ఉండేలా చూడండి, వీడియో మీటింగ్ గంటకు ఒక జీబీ దాకా తినేస్తుంది. రౌటర్‌కు చిన్న యూపీఎస్ కూడా కొనండి. కరెంటు పోయిన ప్రతిసారీ నెట్ పోయిందనుకుని కంపెనీని తిట్టుకునే ఇళ్లు చాలా ఉన్నాయి.

మిగిలే 354లో 350తో పోస్టాఫీసులో నెలనెలా కట్టే అయిదేళ్ల ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) మొదలుపెట్టండి. 6.7 శాతం వడ్డీతో చివరికి దాదాపు 25 వేలు చేతికొస్తాయి. ఖాతా మీవారి పేరు మీదే తెరవండి, మార్చుదామన్న మాట మొదట అన్నది ఆయనే కదా.