చదివేటప్పుడు వస్తుంది, హాల్లో రాదు.. ఎందుకు?

ప్రశ్న: సార్ నమస్తే. బీటెక్ సీఎస్ఈ సెకండియర్ చదువుతున్నా. ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలో, మార్కులు బాగానే వచ్చేవి. ఇక్కడికొచ్చాక ఫస్టియర్‌లోనే రెండు సబ్జెక్టులు పోయాయి, సప్లీలో ఒకటి క్లియర్ చేశా. చదవట్లేదా అంటే చదువుతున్నా సార్, మెటీరియల్ మూడు నాలుగు సార్లు తిరగేస్తా, హైలైటర్‌తో గీసుకుంటా, అప్పుడంతా వచ్చినట్టే ఉంటుంది, హాల్లో పేపర్ చూడగానే ఏదీ గుర్తురాదు. మెమరీ పవర్ తగ్గిపోయిందేమో అని భయమేస్తోంది.
– ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: నీ మెమరీకేం కాలేదు తమ్ముడూ, ముందు ఆ భయం తీసెయ్. ఇంటర్‌లో మార్కులు ఎలా వచ్చాయో ఒక్కసారి ఆలోచించు. అందరూ స్టడీ అవర్స్ వల్ల అంటారు, నేనైతే వీక్లీ టెస్టుల వల్ల అంటా. వారం వారం పేపర్ ఇచ్చి రాయించేవాళ్ళు, పాత చాప్టర్లు కూడా కలిపి మళ్ళీ పెట్టేవాళ్ళు, ఎక్కడ తప్పో చూపించేవాళ్ళు. అంటే పుస్తకం మూసి గుర్తుతెచ్చుకునే పని కాలేజీయే నీచేత బలవంతంగా చేయించింది. బీటెక్‌లో ఆ చేయించేవాళ్ళు లేరు, సెమ్‌కి రెండు మిడ్స్, అంతే. టెస్టులు పోయాయి, చదవడం ఒక్కటే మిగిలింది, అసలు ఇబ్బంది అక్కడ.

ఒకే పేజీ నాలుగుసార్లు చూస్తే అది కళ్ళకి అలవాటైపోతుంది, ఆ అలవాటునే మనం వచ్చేసింది అనుకుంటాం. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు కాలేజీ స్టూడెంట్స్ మీద దీన్ని పరీక్షించారు. చిన్న పాఠాలు ఇచ్చి, ఒకదాన్ని రెండోసారి చదివించారు, ఇంకోదాన్ని చూడకుండా గుర్తున్నంతవరకు రాయించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండోసారి చదివిందే ఎక్కువ గుర్తుంది, వారం తర్వాత అడిగితే మొత్తం తిరగబడింది, చూడకుండా రాసింది 56 శాతం గుర్తుంటే చదివింది 42 శాతమే ఉంది. ముందురోజు రాత్రి నీకు అంతా వచ్చినట్టు ఎందుకనిపిస్తుందో ఇప్పుడు అర్థమైందా?

ఇక చెయ్యాల్సింది. డేటా స్ట్రక్చర్స్‌లో ఇవాళ లింక్డ్ లిస్ట్ చెప్పారనుకో, అంటే ఒక్కో డబ్బా (నోడ్) తన తర్వాతి డబ్బా అడ్రస్ దాచుకునే వరస, ఆ అడ్రస్‌నే బాణంగా గీస్తాం. రూముకెళ్ళి నోట్స్ ఒక్కసారి చదివి మూసెయ్, తెల్లకాగితం మీద మూడు డబ్బాలు గీసి మొదటి రెండిటి మధ్యలో కొత్త నోడ్ ఎలా ఇరికిస్తామో బాణాలు వెయ్. ఏ బాణం ముందు మార్చాలి అన్న దగ్గర చెయ్యి ఆగుతుంది, చాలామందికి అక్కడే ఆగుతుంది. ముందే మొదటి నోడ్ బాణాన్ని కొత్తదానికి తిప్పేశావనుకో, రెండో నోడ్ అడ్రస్ నీ దగ్గర ఉండదు, మిగతాదంతా పోయినట్టే, అందుకే కొత్త నోడ్‌ని ముందుగా రెండో నోడ్‌కి కలిపి ఆ తర్వాతే మొదటిదాన్ని తిప్పాలి. నోట్స్‌లో ఈ రెండు లైన్లు పది సార్లు చదివినా ఈ ప్రశ్నే రాదు, గీస్తేనే వస్తుంది. ఎక్కడ ఆగావో అదే నువ్వు చదవాల్సింది, మిగతా పేజీ వదిలెయ్.

అదే బొమ్మ రేపు ఒకసారి, నాలుగు రోజులాగి ఒకసారి, పై వారం ఇంకోసారి, చూడకుండానే. ఐదు నిమిషాల పని. పాత క్వశ్చన్ పేపర్లు కూడా చివరి వారం దాకా దాచుకోకు, ఫస్ట్ యూనిట్ అవ్వగానే ఆ యూనిట్ ప్రశ్నలు తీసి రాయి. కష్టంగానే ఉంటుంది, ఏమీ రావట్లేదనిపిస్తుంది, అలా అనిపించడం తప్పు కాదు, నువ్వు చేస్తున్నది కరెక్టే. మిగిలిన ఆ ఒక్క బ్యాక్‌లాగ్ సబ్జెక్టుతోనే మొదలుపెట్టు.

ప్రశ్న: సార్, టెన్త్ దాకా తెలుగు మీడియం, ఇప్పుడు బీకాం ఇంగ్లిష్‌లో. అర్థం కాక ఆన్సర్లు బట్టీ పడుతున్నా, మధ్యలో ఒక లైన్ మర్చిపోతే మొత్తం ఆగిపోతోంది.
– ఒక పాఠకురాలు, కదిరి

జవాబు: తెలుగులో అర్థం చేసుకో తల్లీ, సిగ్గుపడే విషయం కానే కాదు. డిప్రిసియేషన్ ఉంది కదా, డెఫినిషన్ పక్కన పెట్టి లెక్క వెయ్యి. లక్ష రూపాయల మిషను, ఏటా 10 శాతం తరుగు. స్ట్రెయిట్ లైన్ పద్ధతిలో మొదటేడు 10,000, రెండో ఏడూ 10,000. రిటన్ డౌన్ వాల్యూలో మొదటేడు 10,000 పోతే మిగిలిన 90,000 మీద లెక్క కాబట్టి రెండో ఏడు 9,000. ఒకదాంట్లో కొన్న ధర మీద, ఇంకోదాంట్లో మిగిలిన విలువ మీద, తేడా అంతే. దీన్ని ఫ్రెండ్‌కి తెలుగులో చెప్పు, ఆ తర్వాత పుస్తకం చూడకుండా నీ సొంత చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో రాయి, టెక్నికల్ పదాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే వాడు. లైన్ మర్చిపోయినా లెక్క గుర్తుంటుంది కాబట్టి ఆన్సర్ ఆగదు. రోజుకి ఒక్క ఆన్సర్ చాలు.

ప్రశ్న: మా అబ్బాయి ఎగ్జామ్ ముందు రాత్రంతా నిద్రపోడండీ, చెప్తే వినడు. నేను పెద్దగా చదువుకోలేదు, ఎలా హెల్ప్ చెయ్యాలి?
– ఒక తల్లి, సిద్దిపేట

జవాబు: చదివింది గట్టిపడేది నిద్రలోనే అమ్మా, నైట్ అవుట్ చేస్తే అదే పోతుంది, ఈ మాట మాత్రం గట్టిగానే చెప్పండి. ఇక హెల్ప్ అంటారా, మీరు చెయ్యగలిగింది చాలా ఉంది. టిఫిన్ పెట్టేటప్పుడు ‘చదివావా’ అని అడక్కండి, ‘నిన్న చదివిందేంటో నాకు చెప్పు’ అనండి. మీకు అర్థం కాకపోయినా పర్వాలేదు, అర్థం కాని చోట ‘అంటే ఏంటి నాన్నా’ అని అడగండి, వాడికి ఎక్కడ సరిగ్గా రాలేదో వాడికే తెలుస్తుంది. సెమ్ మొదట్నుంచే అడగండి, పరీక్షల ముందు కాదు.