బల్బు కన్నా ముందు హోల్డరు చూడు

చిరంజీవి అల్లుడికి, నల్గొండ నుంచి నీ మేనమామ ఆశీర్వదించి రాయునది.

మీ క్యారవాన్ బండికి, అంటే లోపలే వండుకొని పడుకునే ఏర్పాటున్న బండికి, కుడివైపు వెనుక లైటు వెలగడం లేదని, మహబూబ్‌నగర్‌లో కొత్త బల్బు కొని వేసుకుంటానని నువ్వు మొన్న ఫోనులో చెప్పినప్పుడు సరేనన్నాను గానీ, ఆ తర్వాత నా మనసు కుదుటపడలేదు. పిల్లలను తీసుకొని కల్వకుర్తి, డిండి, మన్ననూర్ మీదుగా శ్రీశైలం పోతున్నావు. మన్ననూర్ అటవీ చెక్‌పోస్టును రాత్రి 9 గంటలకు మూసేస్తారు కాబట్టి, దాన్ని ఎలాగైనా అందుకోవాలని చీకట్లో వేగంగా వచ్చే బండ్లు నీ వెనుకే ఉంటాయి.

పాత బల్బును తీసి చూడకుండా కొత్తది కొనవద్దు. లైటు ఆపి, కాసేపు చల్లారనిచ్చి, లైటు మీది గ్లాసు, అంటే ఎర్ర ప్లాస్టిక్ మూత, స్క్రూలు విప్పిన తర్వాత, బల్బును లోపలికి నొక్కి ఎడమవైపు కొద్దిగా తిప్పితే ఊడి వస్తుంది. దాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకొని చూడు. గాజు లోపల వెండి పొగలా మసి పట్టి, తెగిన తీగ కొస ఊగుతూ ఉంటే బల్బు పోయినట్టే. పార్కింగ్, బ్రేకు కలిసి ఉన్న బల్బులో రెండు తీగలుంటాయి. 5 వాట్లది రాత్రంతా వెలుగుతుంది, 21 వాట్లది బ్రేకు తొక్కినప్పుడు వెలుగుతుంది. దాని పక్క పిన్నులు రెండూ ఒకే ఎత్తులో ఉండవు కాబట్టి తిరగేసి పెడితే కూర్చోదు. అప్పుడు బలవంతం చేయకుండా సగం చుట్టు తిప్పి మళ్ళీ పెట్టు. నీ బండి 12 వోల్టులది. షాపువాళ్ళు లారీలకు వాడే 24 వోల్టుల బల్బు ఇస్తే మసకగా వెలుగుతుంది.

పాత బల్బులో తీగలు రెండూ నిండుగా ఉంటే మాత్రం తప్పు వేరే చోట ఉంది. నేను ఇంత పెద్ద ఉత్తరం రాయడానికి కారణం అదే. ఇనుప బాడీ ఉన్న బండికి బాడీయే ఎర్త్‌గా, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్ళే దారిగా, పనికొస్తుంది. నీ బండి వెనుక భాగం ఫైబరుతో కట్టింది. ఫైబరులో కరెంటు పారదు కాబట్టి లైటు నుంచి విడిగా ఒక తీగను ఛాసిస్ దాకా, అంటే బండి అడుగున ఉండే ఇనుప చట్రం దాకా, తెచ్చి బిగించి ఉంటారు. ఆ బిగింపు వదులైనా, తుప్పు పట్టినా, బ్రేకు తొక్కగానే పార్కింగ్ లైటు మసకబారుతుంది, ఇండికేటర్ వేస్తే పక్క లైటు కూడా దానితో పాటు మినుకుమినుకుమంటుంది. ఈ గుర్తులు కనిపిస్తే బల్బుల మీద డబ్బు పెట్టవద్దు.

నేను బండి నడిపిన కొత్తలో ఒక వానాకాలంలో ఇదే లైటుకు మూడు బల్బులు మార్చాను. కొత్త బల్బు తిప్పి పెట్టినప్పుడల్లా ఆ రాపిడికి హోల్డరు కాస్త శుభ్రపడి రెండు రోజులు వెలిగేది, తర్వాత ఆరిపోయేది. ఒక రాత్రి మల్లేపల్లి దాటాక వెనుక వస్తున్న లారీ గట్టిగా బ్రేకు కొట్టి మూరెడు దూరంలో ఆగింది. లైటు లేదని ఆ డ్రైవరు దిగి వచ్చి చెప్పినప్పుడు నీ అత్త చేతులు వణకడం ఇప్పటికీ నాకు గుర్తుంది. మరునాడు హోల్డరు విప్పితే ఇత్తడి అంతా పచ్చటి చిలుము.

అందుకని ఫ్యూజు తీసి, హోల్డరు గోడలను, అడుగున స్ప్రింగు మీద ఉన్న రెండు చుక్కలను ఎమరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, ఎర్త్ స్క్రూ విప్పి దాని కిందా గీకి, బిగించాక పైన వాసలీన్ పూయి. ఫ్యూజు పోయి ఉంటే అంతే ఆంపియర్లది వేయి. రాగి తీగ చుట్టి పని జరుపుకోవడం చెక్క సామాను, గ్యాస్ సిలిండరు ఉన్న బండిలో ఎంత మాత్రమూ తగదు. గ్లాసు కింద రబ్బరు చీలి ఉంటే మార్చు, లేకుంటే వాన నీళ్ళు మళ్ళీ లోపలికే చేరతాయి. ప్లాస్టిక్ పగులుతుంది కనుక స్క్రూలను అతిగా బిగించవద్దు.

చీకటి పడ్డాక అమ్మాయిని బ్రేకు తొక్కమని, నువ్వు వీధి చివరిదాకా నడిచి వెళ్ళి చూడు. వెనుక ఎర్ర దీపం 155 మీటర్ల దూరం నుంచి కనిపించాలని మోటారు వాహనాల నిబంధన. నంబరు ప్లేటు మీది తెల్ల లైటును కూడా అప్పుడే చూసుకో. వెలిగిందో లేదో ఆ రాత్రే నాకు ఫోను చేయి.