సుబేదారు జవాబులు: బుల్లి ట్యాంకూ, రెండు స్టీరింగుల బండీ

పోయిన నెల కెరెన్ యుద్ధం (1941లో ఆఫ్రికాలోని ఎరిత్రియాలో బ్రిటిష్, భారత సేనలు ఇటలీతో చేసింది) గురించి రాస్తూ ఇటలీ వాళ్ళ బుల్లి ట్యాంకులని ఒక మాట అన్నాను. మిగతాదంతా వదిలేసి ఆ ఒక్క మాట మీదే ఉత్తరాలొచ్చాయి. కాబట్టి ఈ నెలంతా ఇటలీ బండ్లే. జర్మనీ టైగర్ గురించి అడిగినవాళ్ళు ఓపిక పట్టాలి.

ప్ర: సుబేదారు గారూ, ఇటలీ సి.వి.-33 ఫొటో చూశాను. పక్కన నిలబడిన సిపాయి దానికంటే ఎత్తున్నాడు. అదేం ట్యాంకు సార్?
– డిగ్రీ విద్యార్థి, చీమకుర్తి

జ: మీ ఊరివాడివి గనక మీ లెక్కలోనే చెబుతాను. క్వారీలో ఒక ఘనమీటరు గ్రానైట్ బ్లాకు తీస్తే మూడు టన్నులు తూగుద్ది కదా? ఈ బండి బరువు కూడా ఇంజనుతో, తుపాకులతో కలిపి దాదాపు అంతే. ఎత్తు 1.3 మీటర్లు. లోపల ఇద్దరు, పక్కపక్కనే. ముందువైపు ఇనుము మందం 15 మిల్లీమీటర్లకు మించదు. రైఫిల్ గుండు ఆగుద్ది, అంతకంటే పెద్దది ఏదొచ్చినా ఆగదు. మొదట్లో ఒక 6.5 మిల్లీమీటర్ల మెషిన్ గన్ పెట్టారు. తర్వాత 8 మిల్లీమీటర్లవి రెండు. టరెట్, అంటే తుపాకితో సహా చుట్టూ తిరిగే గోపురం, లేదు. నా పాత లెక్కలో టరెట్ లేనిది ట్యాంకు కాదు గానీ, ఇటలీ వాళ్ళు అలాగే పిలుచుకున్నారు, మనమెందుకు కాదనాలి.

1929లో బ్రిటన్ నుంచి కార్డెన్-లాయిడ్ అనే చిన్న బండ్లు కొన్నారు. వాటిని చూసి ట్యూరిన్‌లోని ఫియట్, జెనోవాలోని అన్సాల్డో కలిసి తమది తయారుచేశాయి. ఇంత చిన్నది ఎందుకంటావా? ఇటలీ ఉత్తర సరిహద్దంతా ఆల్ప్స్ కొండలే. మొదటి ప్రపంచ యుద్ధంలో వాళ్ళు ఆస్ట్రియాతో పోరాడింది ఎక్కువగా ఆ కొండల్లోనే. సన్న దారులు, బరువు మోయలేని వంతెనలు. దానికితోడు సొంత పెట్రోలు లేని దేశం. ఈ బండయితే 43 గుర్రాల ఇంజనుతో గంటకు 40 కిలోమీటర్లు పోతుంది, కావాలంటే లారీ మీదికి ఎక్కించి తీసుకుపోవచ్చు. చౌక కూడా. చైనా, హంగరీ, బల్గేరియా, బ్రెజిల్ కొనుక్కున్నాయి. 1933లో ఆ బండి కట్టినవాణ్ణి నేను తప్పు పట్టను. 1940 జూన్ 10న యుద్ధం ప్రకటించేనాటికి కూడా తమ సాయుధ బలంలో ఎక్కువ భాగం దాన్నే ఉంచుకున్నవాణ్ణి పడతాను.

అన్నట్టు, దీంట్లో మంటలు చిమ్మే రకం ఒకటుంది. మండే ద్రవం లోపల పట్టక, 500 లీటర్ల ట్యాంకుని వెనక ట్రైలర్‌లో లాక్కుని పోయేది. తుపాకులు పేలుతుంటే, వెనకాల 500 లీటర్లు కట్టుకుని! అందులో కూర్చున్న ఇద్దరికీ నా సెల్యూట్.

ప్ర: ఇథియోపియా వాళ్ళు ఉత్త చేతులతో ఈ ట్యాంకులను పట్టుకున్నారని విన్నాను. నమ్మవచ్చా?
– రిటైర్డు టీచరు, కనిగిరి

జ: నమ్మవచ్చు మాస్టారూ, కాకపోతే ఉత్త చేతులు కావు. వాళ్ళ దగ్గర రైఫిళ్ళూ కత్తులూ ఉన్నాయి. ఇటలీ ఇథియోపియా మీద దండెత్తినప్పటి సంగతి, 1935 డిసెంబరు 15న, డెంబెగ్వినా కనుమలో. ఇథియోపియా సేనాని రాస్ ఇమ్రూ సైన్యం తెకెజె నది దాటి వచ్చింది. ఇటలీ బండ్ల తుపాకులు ముందుకే చూస్తాయి, అటూ ఇటూ కాస్త మాత్రమే తిరుగుతాయి. లోపలివాళ్ళకు సన్నని సందుల్లోంచి కనపడేదే లోకం. రాళ్ళ మధ్య బండి తిరగడానికి చోటు లేదు. ఇథియోపియా వాళ్ళు పక్కల నుంచీ వెనక నుంచీ వచ్చి మీదికెక్కారు. అంతే, ఇక ఆ మెషిన్ గన్లు ఉన్నా లేనట్టే. ఆ యుద్ధాన్ని చివరికి ఇటలీ గెలిచింది, విమానాలతో, విషవాయువుతో. ఈ బండ్ల ఘనతేం లేదు.

తర్వాత 1937 మార్చిలో స్పెయిన్ అంతర్యుద్ధంలో, గ్వాదలహారా దగ్గర, రష్యా టి-26 ట్యాంకులు ఎదురొచ్చాయి. వాటికి తిరిగే టరెట్, అందులో 45 మిల్లీమీటర్ల తుపాకి. మెషిన్ గన్‌తో దానికి ఏం జవాబిస్తారు?

ప్ర: మా తాత మద్రాస్ సాపర్స్‌లో పనిచేసి కెరెన్‌లో ఉన్నాడంటారు. నక్షత్రం ఆకారంలో మెడల్ ఒకటి ఉంది. ఆయన ఈ బండ్లను చూసి ఉంటాడా?
– గృహిణి, మార్కాపురం

జ: చూసే ఉంటాడమ్మా, ఎక్కువగా కాలిపోయినవి. ముందు మెడల్ సంగతి. రిబ్బను ఇసుక రంగులో ఉండి, నడుమ ఎర్ర పట్టీ, దానికి అటు ముదురు నీలం, ఇటు లేత నీలం గీతలుంటే అది ఆఫ్రికా స్టార్. ఎరిత్రియాలో పనిచేసినవాళ్ళకు ఇచ్చారు.

ఎరిత్రియాలో ఇటలీ దగ్గర ఈ బుల్లి ట్యాంకులతోపాటు ఎం-11 అనే కాస్త పెద్ద ట్యాంకులు, మొదటి యుద్ధం నాటి లాన్సియా సాయుధ కార్లు కూడా ఉన్నాయి. 1941 జనవరి చివర్లో అగోర్దత్ దగ్గర ఈ ట్యాంకులు బ్రిటిష్ మటిల్డా ట్యాంకుల కంటపడ్డాయి. మటిల్డా ముందు కవచం 78 మిల్లీమీటర్లు. ఇటలీ గుండ్లు తగిలి జారిపోయాయి. అక్కడితో ఆ ముచ్చట అయిపోయింది.

కెరెన్ వేరే కథ. అక్కడ చివరిదాకా ట్యాంకులకు పనే లేదు. ఫిబ్రవరి మొదటి నుంచి మార్చి 27 దాకా కొండలెక్కి చేసిన యుద్ధమది. పైకిపోయే ఒకే ఒక్క రోడ్డు దొంగోలాస్ లోయలో ఉంది. ఇటలీ వాళ్ళు కొండ పేల్చి దాన్ని బండరాళ్ళతో మూసేశారు. పైనుంచి కాల్పులు జరుగుతుంటే ఆ రాళ్ళు తొలిచి దారి తీసింది మన సాపర్లు, అంటే సైన్యంలో దారులూ వంతెనలూ చూసే ఇంజనీరు సిపాయిలు. ట్యాంకులు ఆ తర్వాతే లోపలికి వెళ్ళాయి. మీ తాత ఆర్మీ నంబరు డిశ్చార్జి బుక్కులో ఉంటుంది. దాంతో బెంగళూరు మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ రికార్డ్స్ ఆఫీసుకి ఒక ఉత్తరం రాసి చూడండి.

ప్ర: అన్నా, రెండు పక్కలా స్టీరింగు ఉన్న బండి ఇటలీలో ఉండేదంటున్నారు. ముందోడు ఎడమకి, వెనకోడు కుడికి తిప్పితే?
– లారీ మెకానిక్, ఆటోనగర్, నెల్లూరు

జ: తమ్ముడూ, నీ ఉత్తరం కోసమే ఎదురుచూస్తున్నా. దాని పేరు ఎ.బి.-41, చక్రాల మీద నడిచే సాయుధ కారు. ఒకసారికి ఒకడే నడుపుతాడు. ముందుకు పోయేటప్పుడు ముందు డ్రైవరు, వెనక్కి వచ్చేటప్పుడు వెనక డ్రైవరు. టరెట్‌లో 20 మిల్లీమీటర్ల బ్రెడా తుపాకితో కమాండరు, వెనక ఇంకో మెషిన్ గన్‌తో నాలుగో మనిషి. ఏడున్నర టన్నుల బండి, రోడ్డు మీద గంటకు 80కి దగ్గరగా పోతుంది.

రెండు స్టీరింగులు ఎందుకో నాకు రాజస్థాన్‌లో అర్థమైంది. బీఎంపీని (సిపాయిలను మోసే, ట్యాంకులా పట్టాల మీద నడిచే కవచ బండి) సన్న దారిలో రివర్స్ చేయాలంటే వెనక ఒకణ్ణి నిలబెట్టి, వాడు చేతులూపుతుంటే, అంగుళం అంగుళం జరపాలి. డ్రిల్లులో సరే. శత్రువు జాడ తీయడానికి వెళ్ళిన బండికి మలుపులో ఎదురుగా ఫిరంగి కనపడితే చేతులూపేదెవరు? ఎ.బి.-41లో తిప్పే పని లేదు. వెనక డ్రైవరు అందుకుంటాడు, కమాండరు ముందుకి కాలుస్తూనే ఉంటాడు.

నీకు నచ్చేది ఇంకోటుంది. నాలుగు చక్రాలూ లాగుతాయి, నాలుగూ తిరుగుతాయి. ఒక్కో చక్రానికి విడి సస్పెన్షన్. పవర్ నడుమనున్న డిఫరెన్షియల్ నుంచి నాలుగు షాఫ్ట్‌ల మీద నాలుగు మూలలకీ పోతుంది. స్పేర్ చక్రాలను రెండు పక్కలా బేరింగుల మీద వదులుగా బిగించారు. గట్టో బండరాయో అడ్డమొచ్చి బండి కడుపు ఆనబోతే, ఆ చక్రాలు తిరిగి దాటిస్తాయి. మోయడమే కాకుండా పనికూడా చేసే స్టెప్నీ! అయితే ఇన్ని జాయింట్లున్న స్టీరింగుని ఎడారి ఇసుకలో కాపాడుకోవడం వర్క్‌షాపు వాళ్ళకి నరకమే అయ్యుంటుంది. అయినా ఆ కాలపు సాయుధ కార్లలో దీన్ని మొదటి వరసలోనే పెడతాను, ఎవరేమన్నా సరే.

ప్ర: ఆ బండి రైలు పట్టాల మీద కూడా నడిచిందా?
– రైల్వే ఉద్యోగి, గూడూరు

జ: నడిచింది. రబ్బరు చక్రాలు తీసి రైలు చక్రాలు తొడిగేవాళ్ళు. యుగోస్లావియాలో గెరిల్లాలు పట్టాలు పేల్చేస్తుంటే కాపలా తిరగడానికి. కొసన బండిని వెనక్కి తిప్పే టర్న్‌టేబుల్ వెతుక్కోనక్కర్లేదు, రెండో డ్రైవరున్నాడుగా.

ప్ర: ఎల్-6 ట్యాంకు ఎలాంటిది?
– కావలి పాఠకుడు

జ: ఆలస్యంగా వచ్చింది. అదే 20 మిల్లీమీటర్ల తుపాకి, ఇద్దరే మనుషులు. కమాండరే చూడాలి, గురిపెట్టాలి, కాల్చాలి, గుండ్లు నింపాలి. 1942లో దీన్ని రష్యా పంపారు, రష్యా వాళ్ళ టి-34 ట్యాంకులు తిరుగుతున్న చోటికి. ఇంకో మాట: ఇటలీ కవచాల్లో ఎక్కువ భాగం రివెట్లతో, బోల్టులతో బిగించినవి. బయట గట్టి దెబ్బ తగిలితే రివెట్ తల తెగి లోపలికి ఎగురుద్ది. గుండు దూరకపోయినా మనిషి పోతాడు.

ప్ర: అంకుల్, నేను ప్లాస్టిక్ మోడల్స్ చేస్తాను. వీటిలో మొదట ఏది చేయమంటారు?
– ఇంటర్ విద్యార్థి, కందుకూరు

జ: ఎ.బి.-41 చెయ్ అబ్బయ్యా. 1/35 సైజులో ఇటాలెరి కిట్ దొరుకుద్ది. ఆఫ్రికా బండి అయితే ఇసుక పసుపు రంగు వెయ్యి. పక్కనుండే స్పేర్ చక్రాలకు మాత్రం జిగురు పెట్టొద్దు. అవి తిరగాలి.