శక్తి బృందం, పాలకొల్లు మాండొలిన్

ప్రశ్న: 2024లో గ్రామీ అందుకున్న ‘శక్తి’ బృందానికి యాభై ఏళ్ల చరిత్ర ఉందని చదివాను. ఇన్నేళ్లూ ఆ బృందం ఆగకుండా సాగిందా? మన మాండొలిన్ శ్రీనివాస్ అందులో ఎప్పుడు చేరారు? అసలు గిటారు మీద గమకం పలుకుతుందా?
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: ఆగకుండా సాగలేదండీ. మొదటి శక్తి ఆయుష్షు నాలుగైదేళ్లే. ఇంగ్లండుకు చెందిన జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలాపై జాకిర్ హుస్సేన్, వయొలిన్‌పై ఎల్. శంకర్, ఘటంపై టి.హెచ్. వినాయకరామ్ అందులో ప్రధానులు కాగా, తొలి ఆల్బమ్‌లో ఆర్. రాఘవన్ మృదంగం కూడా వినిపిస్తుంది. 1975 జూలైలో అమెరికాలోని సౌతాంప్టన్ కళాశాలలో చేసిన కచేరీయే ఆ ఆల్బమ్. హిందుస్తానీ తబలా, కర్ణాటక ఘటం పక్కపక్కన కూర్చుని జవాబులు చెప్పుకోవడం మన శ్రోతలకే కొత్త. ఇక అంతకుముందు తన జాజ్-రాక్ బృందం మహావిష్ణు ఆర్కెస్ట్రాలో హోరెత్తించే ఎలక్ట్రిక్ గిటారు వాయించిన మెక్‌లాఫ్లిన్ మామూలు చెక్క గిటారుతో వేదిక మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం పాశ్చాత్య అభిమానులకు ఎంత వింతగా తోచి ఉంటుందో ఊహించుకోవచ్చు.

గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడం, దాని సంగతి మీరు అడగడం నాకెంతో సంతోషం కలిగించింది, ఎందుకంటే ఈ బృందం గొప్పతనమంతా నా దృష్టిలో అక్కడే ఉంది. అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఎస్. రామనాథన్ గారి వద్ద వీణ నేర్చుకున్న మెక్‌లాఫ్లిన్, తన గిటారులో మెట్ల మధ్య చెక్కను లోపలికి తొలిపించి, తీగను వేలితో నొక్కి, లాగి స్వరాన్ని ఊపడానికి చోటు కల్పించుకున్నారు. ఆరు తీగలకు అడుగున ఏటవాలుగా మరో ఏడు తీగలు బిగించి, శ్రుతి కోసం వాటిని మీటేవారు. మన సంగీతాన్ని పైపై రంగుగా పూసుకోకుండా, దానికోసం వాద్యాన్నే మార్చుకున్న మనిషి ఆయన.

పాలకొల్లులో 1969లో పుట్టిన యు. శ్రీనివాస్ గారిదీ ఇదే దారి. జంట తీగల మాండొలిన్ మీద గమకం నిలవదు గనుక, ఆయన ఒంటి తీగలు అయిదు బిగించిన ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను ఎంచుకుని, దాని మీద కర్ణాటక సంగీతాన్ని నిండుగా పలికించారు. 1997లో హరిప్రసాద్ చౌరాసియా వేణువుతో ‘రిమెంబర్ శక్తి’ పేరిట బృందం మళ్లీ మొదలైన కొద్దికాలానికే ఆయన వచ్చి చేరారు. వినాయకరామ్ స్థానంలోకి ఆయన కుమారుడు సెల్వగణేశ్ కంజీరతో వచ్చారు. గాయకుడు శంకర్ మహదేవన్ కూడా తర్వాత తోడయ్యారు.

2014 సెప్టెంబరు 19న, నలభై అయిదేళ్లకే శ్రీనివాస్ గారు చెన్నైలో కన్నుమూశారు. ఆ లోటు ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. తర్వాతి శక్తిలో మాండొలిన్ లేదు, గణేశ్ రాజగోపాలన్ వయొలిన్ ఉంది. వారంతా కలిసి 2023లో తెచ్చిన ‘దిస్ మొమెంట్’, 1977 తర్వాత శక్తి పేరుతో వచ్చిన తొలి స్టూడియో ఆల్బమ్; మీరు చదివిన గ్రామీ దానికే. 2024 డిసెంబరు 15న జాకిర్ హుస్సేన్ గారూ వెళ్లిపోయారు.

వినాలనుకుంటే 1999 నాటి కచేరీలతో వెలువడిన ‘ద బిలీవర్’తో మొదలుపెట్టండి. గిటారు ఒక పలుకు పలికితే మాండొలిన్ దాన్ని అందుకుని ఎక్కడ ఊపిందో, ఎక్కడ జారుగా దింపిందో ఒకటికి రెండుసార్లు వినండి.