టాపు తీస్తే కారు కూడ మైదానమే

రామగిరి, నల్లగొండ

చిరంజీవి బిడ్డకు పెద్దనాయిన దీవెనలు.

నీ వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్న. డాలస్‌ల టాపు తీసే పోర్షే బాక్స్‌స్టర్లు రెండు చూసినవ్, ఒకదాంట్ల బోస్ కంపెనీ సౌండు సెట్టు ఉన్నది, ఇంకోదాంట్ల బర్మెస్టర్ కంపెనీది ఉన్నది, రెండోదానికి ధర బాగ ఎక్కువ చెప్తున్నరు అన్నవ్. "ఐదు నూర్ల వాట్లకూ ఎనిమిది నూర్ల వాట్లకూ అంత ఫరక్ ఉంటదా పెద్దనాయినా?" అని అడిగినవ్. నలభై ఏండ్లు మైకుసెట్లు నడిపినోన్ని, ఇసొంటి మాట అడిగితే ఫోన్ల రెండు ముక్కలు చెప్పి ఊకోబుద్ధి కాలేదు. అందుకే కూసోని రాస్తున్న.

ముందుగాల వాట్ల లెక్క చూద్దాం. 718 బాక్స్‌స్టర్‌ల బోస్ అంటే 10 స్పీకర్లు, 505 వాట్లు. బర్మెస్టర్ అంటే 12 స్పీకర్లు, 821 వాట్లు. చూడంగనే పెద్ద తేడా లెక్క కొడ్తది. కాని వాట్లు రెండింతలు చేస్తే సౌండు పెరిగేది 3 డెసిబెళ్లే, డెసిబెల్ అంటే సౌండు కొలిచే లెక్క. చెవికి రెండింతలు వినపడాలంటే పది రెట్లు వాట్లు కావాలె. 505 నుంచి 821కి పోతే నీకు వచ్చేది రెండు డెసిబెళ్ల మీద ఇంకింత. వాల్యూము ఒక గీత తిప్పినంత. వాట్ల కోసమే అయితే ఒక్క డాలరు కూడ ఎక్కువ పెట్టకు.

అసలు సంగతి వాట్లల్ల లేదు బిడ్డా, పైకప్పుల ఉన్నది. ఫంక్షన్ హాల్ల రెండు బాక్సులు పెడితే గోడలు కూడ వాటితోని కలిసి పాడుతయి. అవే రెండు బాక్సులు చెరువుగట్టు జాతరకు మోసుకపోయి గుట్ట కింద పెట్టు, పది అడుగులు దాటితె డోలు దెబ్బ మాయమైతది, ఉత్త గొంతే మిగుల్తది. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరల నేను హారన్లు కట్టినప్పుడు ఈ పాఠమే నేర్చుకున్న. హారన్ల లోతు సౌండు అసలే రాదు, అయినా తప్పిపోయిన పిల్లగాని పేరు పిలిస్తే జాతర ఆ మూలకు ఇనవడ్తది. ఎందుకంటె మనిషి మాట తెలిసేది నడిమి సౌండుల. టెలిఫోన్ల కూడ 300 నుంచి 3,400 హెర్ట్జ్ (సెకనుకు ఎన్ని ఊపులో ఆ లెక్క) దాకనే పంపేటోళ్లు, అయినా అమ్మ గొంతు అమ్మ గొంతు లెక్కనే ఉండేది.

కారు మూసి ఉన్నప్పుడు ఒక చిన్న పెట్టె. 50 హెర్ట్జ్ అల పొడుగు దగ్గర దగ్గర 7 మీటర్లు, అది నీ కారు కంటె పొడుగు. అందుకని ఆ పెట్టెల అది అల లెక్క పారదు, గాలిని మొత్తం ఒక్కసారి ఒత్తి వదుల్తది. మూసిన కారుల బేస్, అంటే లోతు సౌండు, అంత నిండుగ అనిపించేది అందుకే. టాపు తీసినవా, ఆ ఒత్తిడి మీదికెళ్లి వెళ్లిపోతది. దానిమీద గాలిమోత ఒకటి, అది కూడ ఎక్కువ శాతం లోతు సౌండే. వేగం రెండింతలైతె గాలిమోత 15 నుంచి 18 డెసిబెళ్ల దాక పెరుగుతది. దాని ముందు బర్మెస్టర్ తెచ్చే రెండు డెసిబెళ్లు ఏపాటి?

1996ల నాకు ఒకటి జరిగింది, అది నీకు తప్పకుండ చెప్పాలె. దేవరకొండ రోడ్డుల ఉండే ఒక డాక్టర్‌సాబు టాపు లేని జీపు తెచ్చి "మంచి సౌండు పెట్టు, పైసలకు చూడకు" అన్నడు. వెనక సీటు కింద రెండు 10 అంగుళాల ఊఫర్లు (లోతు సౌండు ఇచ్చే పెద్ద స్పీకర్లు), పెద్ద ఆంప్లిఫయరు పెట్టిన. గడియారం సెంటర్ల షాపు ముందట నిలబెట్టి మోగిస్తే పక్క సోడా బండి సీసాలు గలగలమన్నయి. ఆయన సంబురంగ పోయిండు. గంటల తిరిగొచ్చిండు. "పానగల్లు దాటినంక ఏం ఇనవడ్తలేదు. ఇక్కడ మోగింది అక్కడ ఎందుకు మోగలేదు?" అని మెల్లగ అడిగిండు. తిట్టినా అంత బాధ అయ్యేది కాదు. ఆయన పైసలు నేను తప్పు జాగల పెట్టిన. మూడు రోజులు ఆ జీపు నా దగ్గర్నే పెట్టుకొని, 4 అంగుళాల చిన్న స్పీకర్లు రెండు సీట్ల వెనక, భుజం ఎత్తున కట్టిన. ఊఫర్లు తీసి పైసలు వాపస్ ఇచ్చిన. సగం వాల్యూముకే మాట తేటగ వచ్చింది. బయట గాలిల స్పీకరుకు చెవి దూరం సగం చేస్తే 6 డెసిబెళ్లు దొరుకుతయి, అంటే నాలుగు రెట్లు వాట్లు పెట్టినట్టు, అదీ ఉత్తగనే.

అందుకే నువ్వు మాజ్డా మియాటా, అదే టాపు తీసే ఇంకో చిన్న బండి, కూడ చూస్తున్న అన్నప్పుడు నా మనసు ఒక్కసారి అటు గుంజింది. మాజ్డావాళ్ల ఆ బండ్ల బోస్ సెట్టు తీసుకుంటే 9 స్పీకర్లు, అందుల నాలుగు తలదిండ్లల్లనే, ఒక్కో సీటుకు రెండు. మొదటి మియాటా 1989ల వచ్చిన కాలంల కూడ కొన్నింటికి తలదిండ్ల స్పీకర్లు ఉండె. టాపు లేని బండికి ఏం కావాల్నో వాళ్లకు ముందే తెలిసినట్టున్నది. నువ్వు మియాటా తీసుకుంటే మాత్రం బోస్ లేని బండి వద్దు.

బోస్ అంటే నాకు ఒక అభిమానం ఉన్నది, దాస్తే తప్పు. ఆ కంపెనీ 1964ల పెట్టిన అమర్ బోస్ నాయిన బెంగాల్ల తెల్లోళ్ల మీద కొట్లాడి అమెరికాకు పోయిన మనిషి. 1983 మోడల్ కాడిలాక్ సెవిల్‌ల వాళ్ల సెట్టు కంపెనీ నుంచే కారుల వచ్చింది. ఆ ఒక్క కారు అద్దం ఎక్కడున్నది, సీటు ఎక్కడున్నది చూసి దానికే సరిపోయేటట్టు చేసుడు వాళ్ల పద్ధతి. ఫ్యాక్టరీ సెట్టు బలం అదే. బయట షాపోడు ఎంత మంచోడైనా, నేనైనా సరే, నీ సీటుల నాలుగు నెలలు మైకులు పెట్టి కొలువలేడు. పోర్షేల బోస్‌కు ఆడియోపైలట్ అని ఒకటుంటది, మైకుతోని లోపలి మోత విని దాన్ని బట్టి పాటను సర్దుతది. అది సెట్టింగుల ఆన్ చేసి ఉన్నదో లేదో చూసుకో.

బర్మెస్టర్‌ను నేను చిన్నజేస్తలేను. 1977 నుంచి బెర్లిన్‌ల ఇండ్లల్ల పెట్టే ఖరీదైన సెట్లు చేసేటోళ్లు. బాక్స్‌స్టర్‌ల సబ్‌ఊఫరును బండి బాడీలనే కలిపి కట్టిండ్రు, అది నిజంగ మంచి పనితనం. టాపు మూసి, బండి ఆపుకొని సన్నాయి వింటే ఊపిరి బిగబడ్తది. కాని నువ్వేమన్నవ్? "టాపు మూసే ముచ్చటే లేదు" అన్నవ్ కద. అట్లయితె నా మాట బోస్ మీద. బర్మెస్టర్ ఉన్న బండే మిగతా అన్నిట్ల బాగుండి, ధర దగ్గర దగ్గర ఉంటే తీసుకో, కాదన.

ఒకటి మాత్రం గట్టిగ చెప్తున్న. సాదా సెట్టు ఉన్న బండి కొని, తర్వాత ఫ్యాక్టరీ పెద్ద సెట్టు పెట్టించుకుంట అనుకోకు. ఆంప్లిఫయరు వేరు, వైరింగు వేరు, డోరు ప్యానెళ్లు వేరు, దానిమీద కంప్యూటర్ల కోడింగు. తలుపులు ఇప్పినంక మల్ల కిర్రుకిర్రు మోతలు ఉండనే ఉంటయి. ఏ సెట్టు ఉన్నదో అమ్మేటోని నోటిమాట నమ్మకు, బండితోని వచ్చిన ఆప్షన్ల కాగితం చూపియ్యమను.

ఇగ పరీక్ష. షోరూముల నిలబెట్టి మోగిస్తే అది గడియారం సెంటర్ల జీపే. టాపు తీసి, పక్క అద్దాలు లేపి, సీట్ల వెనక గాలిని ఆపే జాలి తెర ఉంటే పెట్టి, హైవే మీద గంటకు 100 కిలోమీటర్ల మీద నడుపు. మొదట పాట పెట్టకు, ఒక మనిషి మాట్లాడేది పెట్టు, వార్తలైనా సరే. ఒక్క మాట పోకుండ ఇనవడాలె. దాని తర్వాత డప్పు పెట్టు. దెబ్బ ఒక్కొక్కటి వేరుగ వస్తే మంచి సెట్టు, అంత కలిసి గుయ్యిమంటే కాదు. రెండు బండ్లల్ల అదే రోడ్డు, అదే పాట, అదే వేగం. ఫోను బ్లూటూత్‌కు బదులు కేబులుతోని కలుపు. బేస్ జర తగ్గించి విను, గాలిల బేస్ పెంచితె గొంతే మునుగుతది.

బిడ్డా, నా ఎడమ చెవి నీకు ఎరుకనే. హారన్ల పక్కన కూసున్న ఏండ్లన్ని ఆ చెవిలనే ఉన్నయి, రాత్రి పండుకుంటే సన్నగ కీచుమంటది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క 80 డెసిబెళ్లు వారానికి 40 గంటలు. మూడు డెసిబెళ్లు పెరిగితె టైము సగమైతది, 90కి పోతే వారానికి 4 గంటలే. గాలిమోతను గెలువాల్నని వాల్యూము పెంచితె ఆ రెండు మోతలు నీ చెవే మొయ్యాలె. హైవే మీద దూరం పోయేటప్పుడు టాపు మూసుకో, లేకుంటె పాట బంద్ పెట్టు. ఊర్ల రోడ్ల మీద, సల్లటి పొద్దుగూకాల, నలభై యాభైల పోతున్నప్పుడు టాపు తీసి పాట పెట్టుకో, ఆ బండి తీసుకునేది దానికే కద.

బండ్లు నడిపి చూసే రోజు ఫోన్ చెయ్యి. ఇక్కడ నడిరాత్రి అయినా మేల్కొనే ఉంట. పక్క సీటుల ఎవరినన్న కూసోపెట్టుకొని ఫోను వాళ్లకియ్యి, నువ్వు రోడ్డు చూడు.

మీ పెద్దనాయిన