పాణి అన్నా నీళ్లు అన్నా తిరగని గుంటడి గురించి

పర్లాకిమిడి

అమ్మీ,

నిన్న ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే నాకు నోట మాట రాలేదు. తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

సంక్రాంతికి వచ్చినప్పుడు గుంటడు బువ్వ, కాకి, టాటా అన్నాడు. నా చెవులతో విన్నాను. ఇప్పుడు ఇరవై రెండో నెలలో అవేవీ లేవు, పేరు పెట్టి పిలిచినా తల తిప్పడం లేదంటున్నావు. మీ అత్తగారేమో ఇంట్లో తెలుగులో నీళ్లు, పక్కింట్లో ఒడియాలో పాణి, ఆ తికమకకే పిల్లాడు నోరు మూశాడంటున్నారు. ఆవిడతో గొడవ పడకు, కానీ ఆ మాట నమ్మకు. ఈ ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో మనమంతా రెండు భాషల మధ్య పెరిగినవాళ్లమే. రెండు భాషలు విన్నంత మాత్రాన వచ్చిన మాటలు పోవు, మాట, నలుగురితో కలవడం వేరేగా ఎదిగే ఆటిజం అన్నదీ రాదు. ఆటిజం ఉన్న పిల్లలు కూడా రెండు భాషలు నేర్చుకుంటారు. రేపు ఎవరైనా తెలుగు మానేసి ఒడియా ఒక్కటే మాట్లాడమంటే ఊరుకోకు. నువ్వు ముద్దు చేసేది, కోప్పడేది ఏ భాషలోనో వాడికి ఎక్కువ అందేది అదే.

మీ అక్క కొడుకు విషయంలో తప్పు చేసింది నేనే. పంతొమ్మిదో నెలలో వాడి మాటలు ఆగిపోతే మగపిల్లలకు ఆలస్యమేలే అన్నాను. రోజూ వస అరగదీసి పోశాను, వాంతులయ్యాయి. అప్పట్లో చూపించిన డాక్టరు మూడేళ్లు నిండాక రమ్మన్నాడు. అలా పద్నాలుగు నెలలు పోయాయి. మాట ఆలస్యంగా రావడం వేరు, వచ్చిన మాట పోవడం వేరు. రెండోది ఏ వయసులో జరిగినా వెంటనే చూపించాలి. ఆటిజం ఉన్న పిల్లల్లో సుమారు నలుగురిలో ఒకరికి, కొన్ని లెక్కల్లో ముగ్గురిలో ఒకరికి, ఇలా నేర్చుకున్నవి పోతాయి. ఎక్కువగా 15 నుంచి 24 నెలల మధ్యే. తట్టు, రుబెల్లా రాకుండా రెండో ఎం.ఆర్. టీకా వేసేది కూడా ఆ వయసులోనే, కాబట్టి టీకా మీదికి పోతారు జనం. ఆ అనుమానాన్ని ప్రపంచమంతా పాకించిన 1998 నాటి వ్యాసాన్ని అచ్చువేసిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. మిగిలిన టీకాలు మానకు.

ఇప్పుడే ఆటిజం అని పేరు పెట్టేయకు. ముందు చెవులు చూపించు. చెవిలో నీరు చేరినా పిల్లలు పలకరు. పళ్లెం మోగితే తిరిగాడు కదా అని వినికిడి పరీక్ష వదిలేయకు. కళ్లు తేలేయడం, ఉన్నట్టుండి బిగుసుకుపోవడం, నడక కూడా తప్పడం కనిపిస్తే మాత్రం ఒక్కరోజు ఆగొద్దు, అది మూర్ఛ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. అప్పుడు మెదడు పనితీరు గీతల్లో చూసే ఈఈజీ పరీక్ష తీస్తారు.

మీ ఆశా కార్యకర్తను అడిగి, జిల్లా ఆసుపత్రిలో పిల్లల ఎదుగుదల చూసే డి.ఇ.ఐ.సి. విభాగానికి వెళ్లు. డబ్బు తీసుకోరు. చేతిలో కాగితం ఉండాలి: ఏ మాట ఏ నెలలో వచ్చింది, ఎప్పుడు చివరిసారి విన్నావు, చెయ్యి ఊపడం, వేలితో చూపించడం ఉన్నాయా పోయాయా. పాత వీడియోలు ఫోన్లో ఒకచోట పెట్టుకో. మా వాడి విషయంలో నేను చెప్పిందంతా గాలికి పోయింది కానీ టాటా చెబుతున్న వీడియో ఒక్కటి చూశాక డాక్టరమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది. ఆ ఆసుపత్రిలో తేలకపోతే బరంపురం మెడికల్ కాలేజీ ఉంది, సికింద్రాబాద్‌లో బుద్ధి ఎదుగుదలలో తేడా ఉన్నవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ నైపిడ్ ఉంది. అక్కడ తెలుగులోనే మాట్లాడొచ్చు.

పేరు తేలేదాకా చేతులు కట్టుకుని కూర్చోకు. వాడి ఎదురుగా నేల మీద కూర్చో. వాడు దేన్ని చూస్తుంటే దాని పేరే ఒక్క మాటలో చెప్పు, చక్రం తిప్పుతుంటే "తిరుగు" అను, ఆగు. మనసులో పది లెక్కపెట్టు. ఆ పది లెక్కపెట్టడమే కష్టం, మన నోరు ఊరుకోదు. వాడికి ఇష్టమైన పాట పాడి చివరి మాట దగ్గర ఆగి ముఖం చూడు. చూసినా, చెయ్యి కదిపినా అది జవాబే. గ్లాసు పట్టుకుని తాగేవాడు మానేశాడన్నావు కదా, కోప్పడకుండా నీ చెయ్యి వాడి చెయ్యి మీద వేసి తాగించు, కొన్నాళ్లకు మెల్లగా తీసెయ్యి. బొమ్మలు చూపించి అడిగించడం నేర్పితే మాటలు రావని భయపడకు. మా వాడికి గ్లాసు ఫొటో చేతికిచ్చి నీళ్లు అడగడం వచ్చిన కొన్ని నెలలకు "నీ" అన్నాడు. ఇదేంటి చెప్పు, అదేంటి చెప్పు అని వచ్చినవాళ్లందరి ముందు పరీక్ష మాత్రం పెట్టకు. మా ఇంట్లో ఆ పని నేనే చేశాను, వాడు మంచం కిందికి దూరేవాడు.

మజ్జిగౌరమ్మకు మొక్కుకుంటానన్నావు, మొక్కుకో. తాయెత్తులకు, గ్యారంటీగా నయం చేస్తామంటూ స్టెమ్ సెల్ (మూలకణాల) చికిత్స అమ్మేవాళ్లకు మాత్రం డబ్బు పొయ్యకు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఆటిజానికీ వైకల్య ధ్రువపత్రం ఇస్తారు. అది వస్తే నిరామయ అనే కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్యం, థెరపీ ఖర్చు దొరుకుతుంది. ఆ పత్రం పేరు వింటే మీ ఆయన ముఖం మాడ్చుకుంటాడు, మా అల్లుడూ అంతే. ఆ సంగతి నేను మాట్లాడతాను.

సోమవారం బస్సుకి వస్తున్నాను. ఆసుపత్రికి నీతో నేనుంటాను, ఓపీ చీటీకి పొద్దున్నే వెళ్దాం. గుంటడికి ఆ నీలం గిన్నె మర్చిపోకుండా సంచిలో పెట్టు, అది లేకపోతే తినడన్నావు.

పెద్దమ్మ