లండన్‌లో కొన్న రోమన్ బంగారు నాణెం హైదరాబాద్‌కు తెచ్చుకోవచ్చా?

సందేహం: లండన్‌లో ఉద్యోగం. చివరి రోమన్ చక్రవర్తుల బంగారు నాణేలు సేకరిస్తాను. వేలంలో కొన్న హొనోరియస్ నాణెం ఫొటో పంపుతున్నాను. ఇండియా తిరిగి వచ్చేస్తున్నాం, వెంట తెచ్చుకోవచ్చా? మా బావకు తెలిసినవాళ్ల పొలంలో ఇలాంటిదే దొరికిందట, అమ్ముతామంటున్నారు. కొనొచ్చా?

జవాబు: మీది తెచ్చుకోవచ్చండి. కానీ ఒకసారి తెచ్చాక మళ్లీ దేశం దాటించడం మీ చేతుల్లో ఉండదు. రేపు మళ్లీ లండన్ వెళ్లాల్సి వచ్చినా, పిల్లలు అక్కడే స్థిరపడినా, అక్కడి వేలంలో మంచి ధర పలుకుతుందని తెలిసినా అంతే. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం ఏదైనా పురావస్తువే, ఎక్కడ ముద్రించారన్నది లెక్కలోకి రాదు. ఫొటోలో చూశాను, చక్రవర్తి బందీ మీద కాలు మోపి ఒక చేత్తో జెండా, ఇంకో చేత్తో విజయదేవతను పట్టుకున్నాడు, అటూ ఇటూ మిలాన్ టంకశాల అక్షరాలు ఎం, డి. దానికి 1600 ఏళ్లు. ప్రభుత్వం, ప్రభుత్వం అనుమతించిన సంస్థలు తప్ప ఎవరూ పురావస్తువును ఎగుమతి చేయకూడదు. చేయబోయినా 6 నెలలకు తగ్గకుండా 3 ఏళ్ల దాకా జైలు, జరిమానా. కాబట్టి తిరిగి వెళ్లే అవకాశం ఏమాత్రం ఉన్నా నాణేన్ని అక్కడి బ్యాంకు లాకర్లోనే ఉంచి రండి, నేనైతే అదే చెబుతాను.

తెచ్చేట్టయితే ఎయిర్‌పోర్టులో రెడ్ ఛానెల్‌లో డిక్లేర్ చేయండి. నగలకిచ్చే కస్టమ్స్ సుంకం మినహాయింపు నాణేలకు వర్తించదు. వేలం బిల్లు, క్యాటలాగ్ పేజీ, అంతకుముందు ఎవరి దగ్గర ఉందో తెలిపే కాగితం చేతి బ్యాగులోనే పెట్టుకోండి. బ్రిటన్ నేలలో తవ్వి తీసినదైతే అక్కడ ఎగుమతి లైసెన్సు కావాలేమో వేలం సంస్థనే అడిగి, జవాబు రాతలో తీసుకోండి. ఇక్కడ ఇంట్లో ఉంచుకోవడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, నాణేలు ఆ జాబితాలో లేవు. అమ్మడం వ్యాపారంగా పెట్టుకుంటేనే లైసెన్సు.

పొలం నాణెం జోలికి మాత్రం వెళ్లకండి. 1878 నాటి నిక్షేపాల చట్టం ఇంకా అమల్లోనే ఉంది. భూమిలో దాగి దొరికిన సొత్తు విలువ 10 రూపాయలు దాటితే చాలు, దొరికినవాళ్లు కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలియజేయాలి. దాచిపెడితే వాటా పోతుంది, ఏడాది దాకా జైలు కూడా. తెలిసి కొన్న మీకూ కేసు టెన్షన్ తప్పదు. చెబితే ఊరికే లాగేసుకుంటారన్న భయంతోనే చాలామంది ఇలాంటివి కరిగించేస్తారు, అది వింటే కడుపు తరుక్కుపోతుంది. సొంతదారు ఎవరూ తేలకపోతే దొరికినవాళ్లకు ముప్పాతిక, స్థలం యజమానికి పావు వంతు రావడం చట్టంలోనే ఉంది. సర్కారు తీసుకుంటే లోహం విలువ, దాని మీద ఐదో వంతు కలిపి ఇవ్వాలి. ఇంగ్లండ్‌లో 1992లో హాక్స్‌న్ పొలంలో 500కు పైగా రోమన్ బంగారు నాణేలున్న నిధి బయటపడ్డప్పుడు, దొరికినాయన వెంటనే కబురు చేశాడు. 17.5 లక్షల పౌండ్ల బహుమతి వస్తే పొలం రైతుతో పంచుకున్నాడు. మన దగ్గర అంత రాదు, నిజమే. కానీ ఎంత వచ్చినా చట్టబద్ధంగా వస్తుంది. మీ బావగారిని ఈ వారమే వాళ్లతో మాట్లాడమనండి. నాణెం తోమొద్దని, దొరికిన చోట ఇంకా తవ్వొద్దని, తేదీ, సర్వే నంబరు రాసి కలెక్టరేట్‌లో దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోమని చెప్పించండి.